ఆదివారపు పదును

రోహిణి ఎండకు రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఏడు తర్లుపాడు చుట్టుపక్కల ఎన్ని రోళ్ళు పగిలాయో ఎవరూ చూసి చెప్పలేదు గానీ, పడమటి పల్లెలో మగ్దలీనమ్మ నోటి వేడికి ఎదురు నిలిచిన మనిషి మాత్రం లేడు. మేక గుడిసెలోకి తల దూరిస్తే తిట్టింది. దుమ్ము లేస్తే గాలిని తిట్టింది. అత్త కాశమ్మ సంకటి ముద్ద చిన్నదైందని గొణిగితే, "నీ కొడుకు పోతా పోతా గాదె నింపి పోయినాడా?" అని తిట్టింది. ఆదివారం పొద్దున ప్రార్థన గుడి ముందు వేలాడే రైలుపట్టా ముక్కను టంగుమని వాయిస్తే, వాయించేవాణ్ణీ, వాయించమన్నవాణ్ణీ కలిపి తిట్టింది. ఆమె తిట్టనిది ఒక్క దేవుణ్ణే. అది భక్తి వల్ల కాదు. గట్టు తగాదా పడిన దాయాదులు ఎదురుపడితే మొహం తిప్పుకొని పోయినట్టు, ఆమె ఆయనతో మాటలు మానేసింది. మొగుడు దావీదును పూడ్చిపెట్టిన రోజు నుంచీ ఆమె నోట ప్రార్థన అన్నది లేదు.

అందుకు కారణం లేకపోలేదు. దావీదు మద్రాసు సర్కారుకు అర్జీల మీద అర్జీలు పెట్టించి, మార్కాపురం తాలూకా కచేరీ మెట్లు అరిగేలా తిరిగి, ఊరికి పడమట మెట్టలో రెండెకరాల దరఖాస్తు భూమి సంపాదించాడు. భూమి అంటే ఏదో అనుకునేరు. పలకరాయి పెచ్చులు పైకి లేచి, నాగలి పెడితే కీచుమనే గరువు నేల. ఊళ్ళో రైతులెవరూ ఒద్దనుకున్నారు కాబట్టే వాళ్ళదాకా వచ్చింది. అయితేనేం, తాతల నాటి నుంచి పరాయి చేలో వంగిన నడుము మొదటిసారి సొంత చేలో వంగబోతోంది. దావీదు ఒక వేసవంతా రాళ్ళేరి చుట్టూ గట్టు పెట్టాడు. మగ్దలీనమ్మ ఆ గట్టు మీద మోకరించి, కళ్ళు మూసుకొని, పొద్దు వాలేదాకా ప్రార్థన చేసింది. అప్పట్లో పల్లెలో ఆమెంత నిష్ఠ గలది మరొకతె లేదు.

మెట్ట సేద్యం ఎరగనివారికి ఇక్కడ ఒక మాట చెప్పాలి. వాన పడింది కదా అని వెంటనే విత్తనం పడదు. నీళ్ళు ఇంకాలి, బురద విడవాలి. పిడికిట పడితే ముద్దగా నిలిచి, వదిలితే పొడిగా రాలే తడి ఒకటుంది. దాన్ని పదును అంటారు. నల్లరేగడిలో అది కాస్త ఓర్చుకుంటుంది గానీ గరువు నేలలో ఒక్క పూట, మహా అయితే ఒక్క రోజు. పడమటిగాలి లేచిందంటే అదీ దక్కదు. ఆ పూట విత్తినవాడికి పైరు, మర్నాడు విత్తినవాడికి మన్ను.

కిందటేడు మృగశిర కార్తెలో తొలివాన శనివారం సాయంత్రం పడింది. పదును ఆదివారానికి వచ్చింది. దావీదును పనులప్పుడు కూలికి పిలిచే రైతు నాగేశ్వర్లు ఆ రోజెందుకో మంచి మనసు చేసుకొని, "మద్యాన్నానికి నా చేను అయిపోతాది. ఎద్దులు, విత్తనపు గొర్రు తోలకపో" అని కబురు పెట్టాడు. దావీదు కొర్ర విత్తనాల మూట భుజాన వేసుకొని లేచాడు. లేచినవాడికి గడపలో అడ్డంగా నిలబడింది మగ్దలీనమ్మ.

ఆదివారం నాడు గొర్రు పట్టినవాడికి ప్రభువు బల్ల దగ్గర చోటు లేదని ప్రకాశరావు అయ్యగారు కట్టడి చేసి ఉన్నాడు. ఈ ప్రకాశరావు కోస్తా నుంచి వచ్చిన ప్రసంగీకుడు, పడుచువాడు, మిషను జీతగాడు. బల్ల అంటే నెలకొక ఆదివారం సంఘమంతా కలిసి తినే రొట్టె, తాగే ద్రాక్షరసం. దానికి దూరమైన ఇంట్లో ఎవరు చచ్చినా గుంత దగ్గర అయ్యగారు నిలబడడు. అంతటితో ఆగాడా? కార్తెల పేర్లు కూడా పలకొద్దన్నాడు. అవి నక్షత్రాల పూజ కిందికి వస్తాయట. మృగశిర అనే బదులు జూన్ నెల అనమన్నాడు. పల్లెవాళ్ళు ఆయన ఎదుట జూన్ అన్నారు, ఆయన మలుపు తిరగగానే మృగశిర అన్నారు. మగ్దలీనమ్మ మాత్రం ఆయన లేనప్పుడు కూడా జూన్ అనే అంది.

"ఆరు దినాలు మనకిచ్చినాడు, ఒక్క దినం ఆయనకియ్యలేమా? సోమారం విత్తుకుందాం. వాన ఇచ్చినాయన పదును నిలపడా?" అంది ఆ రోజు మొగుడితో.

"నిలవదు మే" అన్నాడు దావీదు. మెత్తని మనిషి. అంతకు మించి మాట పెంచలేదు. మూట దించి, మొహం కడుక్కొని, ఆమె వెనక గుడికి నడిచాడు.

సాయంత్రానికి పడమటిగాలి లేచింది. సోమవారం నాగేశ్వర్లు ఎద్దులు బండి కట్టుకొని పొదిలి పోయాయి. అవి తిరిగొచ్చాక విత్తిన గింజల్లో చీమలు తిన్నన్ని తిన్నాయి, మిగిలినవి మాడిపోయాయి. మళ్ళీ విత్తడానికి గింజ లేదు. తిండికి ఇంకో దారి లేక దావీదు యర్రగొండపాలెం అవతల నల్లమలలో వెదురు కొట్టే కూలికి పోయాడు. పోయినవాడు నడుస్తూ పోయాడు, వచ్చినవాడు బండిలో పడుకొని వచ్చాడు. అడవి జ్వరం. చలికాలం వెళ్ళకముందే కన్నుమూశాడు.

గుంత దగ్గర ప్రకాశరావు చక్కగా ప్రార్థన చేశాడు. అంతా దేవుని చిత్తం అన్నాడు. ఆ మాటకు మగ్దలీనమ్మకు ఒళ్ళు మండిపోయింది. దేవుని చిత్తం ఎందుకవుతుంది? గడపలో అడ్డం నిలబడింది దేవుడా? తను. అదీ ఆమె కోపం అడుగున కూర్చున్న కోపం. అయ్యగారి మీద కోపం, గాలి మీద కోపం, సంకటి ముద్ద మీద కోపం, అన్నీ దాని మీద పేర్చిన కట్టెలే.

ఇక ఈ ఏటి సంగతి. వేసవంతా ఊళ్ళో కళ్ళాల దగ్గర చెరిగీ, దంచీ, కూలి కింద వచ్చిన కొర్రల్లో మంచివి ఏరి ఒక కుండలో పోసి మూతికి గుడ్డ కట్టింది మగ్దలీనమ్మ. అత్తాకోడళ్ళు ఆకు కూర ఉడికించుకు తిన్నారు గానీ ఆ గుడ్డ ముడి విప్పలేదు. రోహిణి వెళ్ళింది. మృగశిర వచ్చింది. నల్లమల మీద మబ్బు నల్లగా దిగి, సాయంత్రం వేళ వాన పడింది. కాశమ్మ చూరు కింద చెయ్యి చాపి, అరచేతిలో పడిన నీళ్ళు మొహానికి రాసుకుంది.

"మృగశిర కురిస్తే ముంగిళ్ళు చల్లబడతాయంటారు మే. కురిసింది" అంది. ముసలామెకు బాప్తిస్మం ఇచ్చారు గానీ ఆమె నోటికి ఇవ్వలేకపోయారు.

"ఈ పొద్దు ఏ వారం?" అంది మగ్దలీనమ్మ.

"శనారం."

మగ్దలీనమ్మ నవ్వింది. వినడానికి అది నవ్వులా లేదు. ఎన్ని రోజులు లేవు వానకు? ఏరి కోరి మళ్ళీ శనివారమే పడాలా? కావాలని ఎగతాళి చేసినట్టు లేదూ?

చినుకు తెరిపి ఇవ్వగానే నాగేశ్వర్లు ఇంటికి పోయి వాకిట్లో నిలబడింది. "సామీ, రేపు మద్యాన్నం ఎద్దులు, గొర్రు ఇయ్యాల. బదులుకు కలుపు తీస్తా" అంది.

"మగోడు లేని సేద్యం ఏం సేద్యమే మగ్దలీ?" అన్నాడాయన అరుగు మీది నుంచి. "నా చేనికే నా ఎద్దులు సాలవు. అయినా రేపు మీకు ఆదివారం గదా."

"ఆదివారం నాకు. ఎద్దులకు గాదు గదా."

నాగేశ్వర్లు నవ్వాడు గానీ ఎద్దులివ్వలేదు. మగవాడు ఉన్నప్పటి మంచి మనసు మగవాడితోనే పోయింది. మగ్దలీనమ్మ వెనక్కి తిరిగింది. దారిలో ఒకరింట గొడ్డలి అడిగి తీసుకొని ఒక నల్లతుమ్మ మండ నరికి, ఈడ్చుకుంటూ ఇంటికి వచ్చింది.

"ఏం జేస్తావే?" అంది కాశమ్మ.

"చేత్తో చల్లి, మండ లాగుతా. మన్ను కప్పితే సాలు గదా గింజకు."

"అయ్యగారు బల్ల తీసేస్తాడే. నేనా కాటికి కాళ్ళు చాపినదాన్ని. చస్తే నా గుంత కాడ ఎవురు నిలబడతారే?"

"నీ కొడుకు గుంత కాడ నిలబడినాడు గదా. ఏమొచ్చింది?" అంది కోడలు. అన్నాక ముసలామె మొహం చూసి నోరు మూసుకుంది. అప్పటికి ఆలస్యమైపోయింది. కాశమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది.

ఆదివారం తెల్లారేసరికి మగ్దలీనమ్మ చేలో ఉంది. ఒక పిడికెడు మట్టి తీసి పిసికింది. ముద్ద నిలిచింది, వదిలితే రాలింది. సరిగ్గా పదును. కొంగులో కొర్రలు పోసుకొని చల్లడం మొదలుపెట్టింది. ఒక పక్క చల్లడం, తర్వాత తుమ్మమండ మీద పలకరాయి బరువు పెట్టి, తాడు నడుముకు చుట్టుకొని లాగడం. ఎద్దులు చేసే పని. గుడి గంట మోగింది. పల్లెవాళ్ళు ఉతికిన బట్టలు కట్టుకొని గట్టు పక్కన బాట మీద గుడికి పోతున్నారు. చూసినవాళ్ళు చూడనట్టు పోయారు. వాళ్ళలో చాలామందివి కిందటేడు ఆమె చేను మాదిరే మాడిన చేలు. ఒక్క దయామణి, పక్క గుడిసె మనిషి, ఆగింది.

"వద్దు వదినా. అయ్యగారు చూస్తాడు."

"చూడనీ. చూసేదానికే గదా కండ్లిచ్చింది" అని మగ్దలీనమ్మ మండ లాగింది. దయామణి వెళ్ళిపోయింది.

పొద్దెక్కింది. తాడు నడుమును కోసేస్తోంది. గుడిలో పాట మొదలైంది. మగ్దలీనమ్మకు కంఠతా వచ్చిన పాటే, ఒకప్పుడు ఆమే ఎత్తుకునే పాట. అది చెవిన పడి అడుగు తడబడింది. తుమ్మముల్లు అరికాలిలో దిగింది. అక్కడే చతికిలబడి, ముల్లు లాగి, రక్తం వస్తున్న కాలు పట్టుకొని పైకి చూసింది. అంతే, కట్ట తెగింది.

"ఏమయ్యా, నీకు కండ్లు చల్లగయినాయా?" అంది గట్టిగా. "ఎద్దు మాదిరి నడుముకు తాడు కట్టుకున్నా. చూస్తండావా? నీ దినం నీకిచ్చినా. పోయినేడు నా మొగుడు మూట ఎత్తుకుంటే నేనే దింపించినా, నీ కోసం. నువ్వు ఒక్క పూట గాలి నిలపలేకపోయినావా? నీ సొమ్మేం పోతాది? నిన్ను నమ్మినందుకు నా ఇంట్లో మగోడు లేకపాయె. ఇంకొకరి మీద పడి ఏడ్చేదానికి కూడా లేకుండా, నా చేత్తోనే చేయిస్తివి గదయ్యా. మాట్లాడవేం? గుడిలో కూసోని పాటలింటా ఉండావా? ఈ పక్కకు రా. నా పక్క వచ్చి ఈ తాడు పట్టు."

అరిచి అరిచి గొంతు పోయింది. ఏడ్చింది. దావీదు పోయినప్పుడు కూడా ఆమె ఇట్లా ఏడవలేదు. ఏడుపు మధ్యలో, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, ఉన్నట్టుండి ఒక సంగతి గమనించింది. మాట్లాడుతోంది. చలికాలం నుంచి మొహం తిప్పుకొని తిరిగినదాయె, ఇప్పుడు ఆయన్నే ఎదురుగా పెట్టుకొని తిడుతోంది. లేనివాణ్ణి ఎవరూ ఇంతసేపు తిట్టరు. ఆ ఆలోచనకు ఆమెకు ఇంకా కోపం వచ్చింది. కానీ గుండె మీద బండ కొంచెం పక్కకు జరిగింది. లేచి తాడు నడుముకు చుట్టుకుంది. పదును ఇంకా ఉంది.

గుడి విడిచాక ప్రకాశరావు వచ్చాడు. నల్లకోటు, చేతిలో గొడుగు. గట్టు దిగి చేలోకి అడుగు పెట్టబోయాడు.

"చెప్పులిడిచి రండి అయ్యగారూ. గింజలుండాయి" అంది మగ్దలీనమ్మ.

ఆయన గట్టు మీదనే ఆగిపోయాడు. "ఏమిటమ్మా ఇది? సంఘానికంతటికీ మాదిరిగా ఉండేదానివి. నువ్వే ఇలా చేస్తే ఎలా? ఇప్పటికైనా ఆపు. రేపు పొద్దున్నే నలుగురిని పంపిస్తాను, సాయం చేస్తారు" అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. రేపు అనే మాటకు ఆ నేలలో అర్థం లేదని ఆయనకు తట్టలేదు, అంతే.

"రేపు మీకుంటాది అయ్యగారూ. వాన పడినా, పడకపోయినా మీకు రేపుంటాది. నాకు ఈ పూటే ఉంది."

"కోపంలో మాట్లాడుతున్నావు."

"కోపంలోనే మాట్లాడతండా. కోపంగా ఉండేదాని మాట దేవుడికి వినపడదా?"

ప్రకాశరావు విత్తిన నేల వైపు చూశాడు. "కట్టడి కట్టడే మగ్దలీనమ్మా. నీకని మార్చలేను. బల్లకు రావద్దు" అని చెప్పి, గొడుగు విప్పుకొని పోయాడు. మగ్దలీనమ్మ ఆయన వీపు చూస్తూ, మిగిలిన చేనంతా మండ లాగింది.

విత్తనం మొలిచింది. ఆరుద్రలో మళ్ళీ వాన పడి, రాళ్ళ సందుల్లోంచి కొర్ర సన్నగా లేచింది. మగ్దలీనమ్మ గుడి ముఖం చూడలేదు గానీ, పొద్దున లేస్తే చేలో కూర్చొని కలుపు తీస్తూ ఆయనతో పోట్లాడేది. కొన్నాళ్ళకు ఆ పోట్లాటలో ఇంటి సంగతులు కూడా కలిశాయి. అత్తకు కీళ్ళు పట్టేశాయని చెప్పేది. మేక ఈనిందని చెప్పేది. పునర్వసులో ఎండలు కాశాయి. పుష్యమిలో ఒక్క చినుకు లేదు, ఆకులు చుట్టుకుపోయాయి. అప్పుడు తిట్టలేదామె. ఎన్నడూ ఎవరినీ దేబిరించని మనిషి, చేను మధ్య కొంగు పట్టి నిలబడింది. "నా కోసం వద్దులే, దావీదు రాళ్ళేరినాడు గదా, వాని కోసం ఇయ్యి" అంది. ఆశ్లేషలో వాన వచ్చింది. ఆ వానలో తడుస్తూ చేను చుట్టూ పిచ్చిదానిలా తిరిగిందని దయామణి పల్లెలో చెప్పింది. అడిగినవాళ్ళకు మగ్దలీనమ్మ సిగ్గుపడకుండా చెప్పింది.

"ఆయన ఆదివారం మాత్రమే వస్తాడనుకున్నా ఇన్నాళ్ళూ. కార్తె కార్తెకూ వస్తండాడు. ఒగనాడు ఇచ్చేదానికొస్తాడు, ఒగనాడు ఏడిపించేదానికొస్తాడు. రావడం మాత్రం మానడు."

ఈ మాట అయ్యగారి చెవిన పడింది. నొచ్చుకున్నాడో, ఆలోచించాడో తెలియదు. పుబ్బలో కొర్ర కంకులు బంగారు రంగుకు తిరిగాయి, కోశారు, నూర్చారు. అత్తాకోడళ్ళ గాదెలోకి మళ్ళీ గింజ వచ్చింది. ఉత్తర కార్తె నడుస్తుండగా ప్రకాశరావు కబురు పంపాడు. సంఘం ముందు నిలబడి తప్పయిందని ఒప్పుకుంటే చాలు, సంఘం చేతులెత్తి క్షమిస్తే బల్లలో కలుపుకుంటామన్నాడు.

కాశమ్మ కోడలి కాళ్ళ దగ్గర కూర్చుంది. "ఒక్కమాట చెప్పెయ్యే. నన్ను దిక్కులేని పీనుగు మాదిరి పూడ్చనియ్యొద్దు" అంది.

మగ్దలీనమ్మ అత్త రెట్టలు పట్టి లేపింది. "చెప్తాలే అత్తా. చెప్పాల్సింది ఉంది" అంది.

ఆదివారం గుడి నిండింది. మొండి మనిషి వంగబోతోందంటే చూడటానికి ఎవరు రారు? బల్ల మీద తెల్లగుడ్డ పరిచారు. రొట్టె, రసం పెట్టారు. ప్రకాశరావు పిలవగానే మగ్దలీనమ్మ ఆడవాళ్ళ చాపల మధ్య నుంచి లేచి ముందుకు వచ్చింది. తల దించలేదు.

"ఆదివారం విషయంలో నేను తప్పు చేసినా" అంది.

ప్రకాశరావు మొహంలో ఊరట కనిపించింది.

"పోయినేడు ఆదివారం" అంది మగ్దలీనమ్మ. "నా మొగుడు విత్తనం మూట ఎత్తుకొని చేనికి పోతంటే గడపలో అడ్డం నిలబడినా. పదును నిలవదని వాడు చెప్పినాడు. వినలేదు. నాకు వానికంటే పేరు ముఖ్యమాయె, సంఘంలో మంచిదాన్ననే పేరు. వాడు అడవికి పోయినాడు, చచ్చినాడు. ఈ ఏడు విత్తినందుకు నేను క్షమాపణ అడగను అయ్యగారూ, చచ్చినా అడగను. పోయినేడు ఆపినందుకు అడగతండా. క్షమించేదానికి దావీదు లేడు. మీరు క్షమిస్తారో లేదో చెప్పండి."

ప్రకాశరావు సంఘం వైపు చూశాడు. కిందటేడు మాడిపోయిన చేలవాళ్ళంతా నేల చూస్తున్నారు. వాళ్ళూ ఆ ఆదివారం ఇక్కడే కూర్చొని పాటలు పాడినవాళ్ళే.

మొదట లేచిన చెయ్యి కాశమ్మది. కీళ్ళు పట్టేసిన చెయ్యి సగమే లేచింది. రెండో చేత్తో మోచేతిని కింద నుంచి ఎత్తి పట్టుకుంది. చచ్చినవాడి తల్లి. ఆమె ఎత్తాక ఇంకొకరు ఆగడానికి లేదు. దయామణి ఎత్తింది, ఆమె మొగుడు ఎత్తాడు, గోడ వారన ఉన్న మగవాళ్ళు ఒక్కొక్కరే ఎత్తారు.

ప్రకాశరావు చేతులన్నిటినీ చూశాడు. సంఘం చేతులెత్తాక అయ్యగారికి చెప్పేదేమీ ఉండదు. ఆయన రొట్టె అందుకుని విరిచాడు. మొదటి ముక్క కాశమ్మకు ఇచ్చాడు, రెండోది మగ్దలీనమ్మకు. ఇచ్చేటప్పుడు ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు.

మగ్దలీనమ్మ కోపం చల్లారలేదు. అయ్యగారి మీదా ఉంది, దేవుడి మీదా ఉంది, తన మీద అయితే బతికినన్నాళ్ళూ ఉంటుంది. ఆ కోపంతోనే రొట్టె నోట్లో పెట్టుకొని, నమిలి, తిన్నది.